చీనీతోట ఇంట్లో రథసప్తమి: ఇరవై ఇద్దరి సెలవులకు ప్రాజెక్టు డైరీ

అక్టోబరు మూడో వారం, 2025

బంధువులమందరం ఒకే ఇంట్లో నాలుగు రోజులు కలిసి ఉండాలన్న మాట మా వైపు ప్రతి పెళ్ళిలోనూ వస్తుంది, విస్తర్లు ఎత్తేసరికి పోతుంది. ఈసారి దాన్ని కాగితం మీద పెట్టి, ఏర్పాట్లు చూసే పని నాకు అప్పగించారు. ఏ నిర్ణయం ఎందుకు జరిగిందో రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి వీలుగా ఈ డైరీ రాస్తున్నాను. లెక్కకు తేలింది ఇరవై ఇద్దరం. ఎనబై దాటిన మా అవ్వతో కలిపి పెద్దలూ పడుచువాళ్ళూ పదహారు మంది, పిల్లలు ఆరుగురు. కొందరు కడపలోనే ఉంటారు, తక్కినవాళ్ళు హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ రావాలి.

ముందు తేలవలసింది తేదీ. వేసవి సెలవులైతే పిల్లలందరికీ కుదురుతుంది గానీ, కడప జిల్లాలో ఎండ నలబై డిగ్రీలు దాటే రోజుల్లో ఎంత పెద్ద ఇల్లు తీసుకున్నా అందరం ఫ్యాన్ల కిందనే పడి ఉండవలసి వస్తుంది. నవంబరులో తుపాను వానల భయం ఉన్నది. 2021 నవంబరులో చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పటి నుంచి మా చిన్నాయన ఆ నెలలో ఏటి దాపుకు పోదామంటే ఒప్పుకోడు. సంక్రాంతికి ఎవరి అత్తగారి ఊళ్ళు వాళ్ళకున్నాయి. ఇవన్నీ పోగా మిగిలింది జనవరి నెలాఖరు. 2026లో గణతంత్ర దినం సోమవారం వస్తున్నందువల్ల, 23వ తేదీ శుక్రవారం సాయంత్రానికి చేరుకుంటే ఎవరూ పెద్దగా సెలవులు పెట్టకుండానే మూడు రాత్రులు దొరుకుతాయి. పంచాంగం తిప్పితే 25వ తేదీ ఆదివారం రథసప్తమి అని కనిపించింది. ఆ మాట వినగానే అవ్వ సరేనన్నది. అవ్వ సరేనన్న తరువాత మిగతావారిని అడగడం మర్యాద కోసమే.

నవంబరు మొదటి వారం

గండికోటలో పర్యాటక శాఖవారి హోటలు ఉన్నది, ఊళ్ళో లాడ్జీలూ ఉన్నాయి. కానీ ఎవరి గది తలుపు వాళ్ళు వేసుకునే చోటికి పోవడానికైతే ఇంతమందిని కూడగట్టవలసిన పని లేదు. మాకు కావలసింది అందరూ ఒకేసారి కూర్చోగలిగే ఒక పడసాల, పిల్లలు కనుచూపులో ఆడుకునే ఒక వాకిలి, మేమే వండుకునే వంటిల్లు. ఈ మూడూ లేని ఇల్లు ఎంత అందంగా ఉన్నా వద్దని మొదటే అనుకున్నాము.

కడప శివార్లలో ఈత కొలను ఉన్న ఫామ్‌హౌసు ఒకటి పిల్లలకు తెగ నచ్చింది. అయితే కొలనుకు అడ్డు కంచె లేదు, ఇంట్లో ఐదేళ్ళ లోపు పిల్లలు ఇద్దరున్నారు. నేను దాన్ని పక్కన పెట్టాను. అహోబిలం వైపు చూసిన ఇంటికి వంటిల్లు పేరుకే ఉన్నది. చివరకు ముద్దనూరు నుంచి పులివెందుల పోయే దారిలో, రోడ్డుకు కొంత లోపలగా, చీనీ (బత్తాయి) తోట నడుమ ఉన్న పాతకాలపు మిద్దె ఇల్లు కుదిరేలా కనిపించింది. కింద మూడు గదులూ పొడుగాటి పడసాలా, మిద్దె మీద తరువాత కట్టిన రెండు గదులు. నేలంతా నాపరాళ్ళు. ముందువాకిలి సరిగ్గా తూర్పుకు ఉండడం రథసప్తమి దృష్ట్యా అవ్వకు చెప్పదగిన విషయం. బాడుగ రోజుకు 15,000 రూపాయలు.

నవంబరు మూడో వారం

ఈ వారం ఇంటికి పోయి, ఫొటోలలో కనిపించని సంగతులు చూసి వచ్చాను. ఇలాంటి సెలవుల్లో మనుషులు అలిగేది గుహలు చూడలేదనో కోట చూడలేదనో కాదు. పొద్దున ఏడు గంటలకు స్నానానికి నీళ్ళు లేకపోతేనూ, బాత్రూము ముందు వరుస కట్టవలసి వస్తేనూ అలుగుతారు. అందువల్ల పరిశీలన అక్కడి నుంచే మొదలుపెట్టాను.

మిద్దె మీద ట్యాంకులు రెండు, ఒక్కొక్కటి 1,000 లీటర్లది. పట్టణాల నీటి సరఫరా లెక్కల్లో తలకు రోజుకు 135 లీటర్లు అని వేస్తారు. ఆ లెక్కన ఇరవై ఇద్దరికి 2,970 లీటర్లు, అంటే ట్యాంకులు రోజూ ఒకటిన్నర సారి నిండాలి. ఆ ట్యాంకులకు నీళ్ళెక్కించేది తోటలోని వ్యవసాయ బోరు. దానికి త్రీ ఫేజు కరెంటు కావాలి, మన రాష్ట్రంలో వ్యవసాయానికి ఆ కరెంటు పగటిపూట తొమ్మిది గంటలే ఇస్తారు. రాత్రి ట్యాంకు ఖాళీ అయితే తెల్లారి కరెంటు వచ్చేదాకా చేసేదేమీ లేదు. ఇంటి పని చూసే ఆయన ఈ విషయంలో దాపరికం లేకుండా మాట్లాడాడు. “కరెంటు ఉన్నంతసేపు మోటరు ఆడిస్తా సార్, కరెంటు పోతే మాత్రం నన్ను అడగాకండి” అన్నాడు.

పరిష్కారం పెరట్లోనే ఉన్నది. పశువుల కొట్టం పక్కన సుమారు 6,000 లీటర్లు పట్టే సిమెంటు తొట్టి ఒకటి పాచిపట్టి పడి ఉన్నది. దాన్ని కడిగించి పగలు బోరు నీళ్ళతో నింపి పెట్టుకుంటే, ఇంటి సింగిల్ ఫేజు కరెంటుతో తిరిగే చిన్న మోటరుతో ఎప్పుడంటే అప్పుడు పైకి ఎక్కించవచ్చు. చిన్న మోటరు యజమాని దగ్గరే ఉన్నది, పైపు మాత్రం కొత్తది కావాలి. తొట్టికి మూత లేదు కాబట్టి, పిల్లల కోసం రేకులు కప్పి పైన రాళ్ళు పెట్టే ఏర్పాటు కూడా ఒప్పందంలో రాయించాలని గుర్తు పెట్టుకున్నాను. తాగడానికి బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. తాగడానికీ వంటకూ కలిపి రోజుకు ఇరవై లీటర్ల క్యాన్లు ఆరు తెప్పించుకోవాలి.

బాత్రూములు నాలుగు. రెండు గదుల్లోనూ, రెండు పెరట్లోనూ ఉన్నాయి. కూర్చునే రకం కమోడు కింది తూర్పు గదిలో ఒక్కటే. అవ్వకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి ఆ గది అవ్వదని అప్పుడే రాసేశాను. ఆ బాత్రూము గడప జానెడు ఎత్తున, నాపరాయి అంచు నున్నగా అరిగి, తడిస్తే మెరుస్తూ ఉన్నది. దాని ముందు చెక్కమెట్టు ఒకటి, గోడకు ఇనుప పట్టీ ఒకటి బిగించమని అడిగాను. యజమాని మెట్టుకు వెంటనే సరేనన్నాడు, పట్టీకి గోడ పగలగొట్టాలని కొంచెం నసిగాడు. చివరకు ఖర్చు మాది, పని వాళ్ళది అన్న మాట మీద కుదిరింది.

గీజర్లు రెండు, ఒక్కొక్కటి రెండు కిలోవాట్లది. రెండూ ఒకేసారి వేసి, పైన మోటరు కూడా వేసి చూస్తే మెయిను స్విచ్చి పడిపోయింది. ఇరవై ఇద్దరి వేడినీళ్ళు కరెంటు మీద నడవవని అక్కడే తేలిపోయింది. పెరట్లో పాత పొయ్యి, దాని మీద నలబై లీటర్ల రాగి అండా ఉన్నాయి. చీనీ చెట్ల కొమ్మలు కత్తిరించిన పుల్లలు గుట్టగా ఎండి ఉన్నాయి కనుక కట్టెల ఖర్చు కూడా పెద్దగా ఉండదు. గీజర్లు అవ్వకూ చంటిపిల్లలకూ, అండా మిగతా అందరికీ.

డిసెంబరు మొదటి వారం

డబ్బుల లెక్క. ఈ ఘట్టం తొందరగా తేలదని ముందే ఊహించినదే.

కుటుంబానికి ఇంత అని సమానంగా వేద్దామని అన్న అన్నాడు. వాళ్ళింటి నుంచి ఐదుగురు వస్తారు. తలకు ఇంత అని వేద్దామని తమ్ముడు అన్నాడు. వాళ్ళు ఇద్దరే. ఎవరి మాటలో వాళ్ళ లెక్క కనిపిస్తూనే ఉన్నది గానీ, తలసరి పద్ధతే న్యాయమని నా అభిప్రాయం. అన్నం తినేదీ, బండిలో సీటు పట్టేదీ, పరుపు మీద పడుకునేదీ మనిషే కాబట్టి మనిషిని బట్టే వాటా ఉండాలి. ఐదేళ్ళు నిండిన నలుగురు పిల్లలకు అర వాటా, ఆ లోపు ఇద్దరికీ ఏమీ లేదు. అవ్వ వాటా అందరిమీదా పడాలని చిన్నాయన పట్టుబట్టాడు. దానికి ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? అట్లా పెద్దవాళ్ళవి 15, పిల్లలవి 2, మొత్తం 17 వాటాలయ్యాయి.

అంచనా ఇట్లా వచ్చింది. ఇంటి బాడుగ 45,000, రెండు రోజులకు మినీ బస్సు 14,000, తిండి సరుకులు 22,000, వంటకూ అంట్లకూ సాయం వచ్చే ఇద్దరు ఆడవాళ్ళకూ ఇల్లు చూసే ఆయనకూ 6,000, అదనపు పరుపులు, దుప్పట్ల బాడుగ 3,000, గ్యాసు, కట్టెలు, నీళ్ళ క్యాన్లు 3,000. మొత్తం 93,000. వాటాకు 5,500 చొప్పున వసూలు చేస్తే 93,500 వస్తుంది. ఎవరి ఊరి నుంచి వాళ్ళు వచ్చే దారి ఖర్చు వాళ్ళదే. డబ్బంతా ఫోన్‌పేలో మా మరదలి ఖాతాకే రావాలని, ఖర్చుపెట్టే నేనూ దాచే ఆమే వేరువేరుగా ఉండాలని పెట్టుకున్న నియమం అందరికీ నచ్చింది.

ఒప్పందం ఒక తెల్లకాగితం మీద రాసుకున్నాము. బయానా 15,000, నెల ముందు మానుకుంటే సగం వాపసు. తొట్టి కడిగించడం, రేకులు, మెట్టు, పట్టీ అన్నీ అందులో ఉన్నాయి. తోటలో కాయలు కోయకూడదని యజమాని ఒక షరతు చేర్చాడు, అది న్యాయమే. చీనీ చెట్టు మీద కాయ చూసి చెయ్యి ఊరుకునే పిల్లవాడు మా ఇంట్లో లేడు. అందుకని దిగిన రోజే రెండు బుట్టల కాయలు ఆయన దగ్గరే కొనేటట్టు మాట్లాడుకున్నాను.

డిసెంబరు చివరి వారం

పడకల పట్టిక తయారైంది. యజమాని దగ్గర పరుపులు పది ఉన్నాయి. మిగతావి ముద్దనూరులో షామియానా సామాన్లు బాడుగకిచ్చే అంగడి నుంచి వస్తాయి. పడసాలలో ఆడపిల్లలూ అత్తా, మిద్దె మీది గదుల్లో మగవాళ్ళు, గురక పెట్టే బావకు మెట్ల పక్క గది. దీని మీద ఇంకేమీ రాయవలసినది లేదు.

జనవరి మొదటి వారం, 2026

ఎక్కడెక్కడికి పోవాలన్నది చివరి పనిగా మిగిల్చాను, కావాలనే. కుర్రవాళ్ళు పంపిన పట్టికలో గండికోట, బెలుం గుహలు, యాగంటి, అహోబిలం, తాడిపత్రి అన్నీ రెండు రోజుల్లో ఉన్నాయి. అట్లా తిరగడానికి ఇల్లెందుకు, బస్సులోనే పడుకోవచ్చు. రోజుకు ఒక్క ప్రయాణం, అది కూడా పూట మాత్రమే అన్న నియమం పెట్టి, మిగతావాటిని వచ్చే దారికీ పోయే దారికీ సర్దాను.

బెంగళూరు వాళ్ళు కదిరి, పులివెందుల మీదుగా వస్తారు కాబట్టి, కాస్త పెందలాడే బయలుదేరితే తిమ్మమ్మ మర్రిమాను చూసుకుని రావచ్చు. హైదరాబాదు వాళ్ళు తిరుగు ప్రయాణంలో తాడిపత్రి మీదుగా బెలుం, బనగానపల్లె, యాగంటి చూసుకుంటూ కర్నూలు చేరుకుంటారు. బెలుం ఇప్పుడు నంద్యాల జిల్లా కిందికి వచ్చింది. గుహల పొడవు మొత్తం 3,229 మీటర్లని కొలిచారు, అందులో ఒకటిన్నర కిలోమీటరు దాకా జనాన్ని పోనిస్తారు. దిగడానికి మెట్లున్నాయి, లోపల ఉక్కపోత ఎక్కువ. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళూ ఆయాసం ఉన్నవాళ్ళూ దిగకపోవడమే మంచిది. కాబట్టి బెలుం అందరి పట్టికలో నుంచి తీసివేయడమే సరైన పని.

అందరం కలిసి పోయేది శనివారం సాయంత్రం గండికోటకు. మూడున్నరకల్లా కోటలోకి చేరి, ధాన్యాగారం, జామా మసీదు, మాధవరాయస్వామి గుడి గోపురం నిదానంగా చూసి, ఎండ తగ్గాక పెన్న లోయ అంచుకు పోవాలి. పెమ్మసాని నాయకుల కోటను గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్న కాలంలో, 1652లో, ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఇక్కడికి వచ్చిన కథ చెప్పే పని డిగ్రీ చదివే మేనల్లుడికి అప్పగించాను. నా భయమంతా ఆ అంచు గురించే. అక్కడ బండల మీద నిలబడితే లోయ సూటిగా కిందికి కనిపిస్తుంది, పట్టుకోవడానికి కంచె ఉండదు. అందుకని ఆరుగురు పిల్లలకూ ఆరుగురు పెద్దలను పేరు పేరునా రాసి పెట్టాను. ఆ పెద్దలు అంచు దగ్గర ఫోను జేబులో నుంచి తీయకూడదు. చీకటి పడకముందే బండల మీద నుంచి వెనక్కు రావాలి.

ఆదివారం అందరం కలిసి పోయేది ఎక్కడికీ లేదు.

జనవరి మూడో వారం

వంటకాల పట్టిక రాస్తుండగా ఒక చిక్కు బయటపడింది. మా ఇళ్ళలో శుక్రవారం అమ్మవారికని కొందరు, శనివారం వెంకటేశ్వరస్వామికని కొందరు, సోమవారం శివుడికని కొందరు నీచు ముట్టరు. ఆదివారమేమో రథసప్తమి. అంటే సంగటీ నాటుకోడి పులుసూ తినడానికి ఒక్క రోజు కూడా మిగలలేదు. కడప జిల్లాలో తోట ఇంట్లో మూడు రాత్రులుండి నాటుకోడి లేకుండా తిరిగి వస్తామా అని బావ ముఖం చిన్నబుచ్చుకున్నాడు. చర్చ చాలా సేపు నడిచి, శనివారం రాత్రి పెరట్లో వేపచెట్టు కింద వేరే పొయ్యి, వేరే గిన్నె, వేరే గరిటె పెట్టి తినేవాళ్ళే వండుకోవాలని, లోపలి వంటింట్లోకి ఆ గిన్నె రాకూడదని తీర్మానమైంది. సంగటి మాత్రం అందరికీ ఒకటే, లోపలే అవుతుంది. తిననివాళ్ళకు దాంట్లోకి చెనిక్కాయల పచ్చడి, అలసందల కూర.

మిగతా పట్టిక సులభమే. పొద్దున ఒకరోజు ఉగ్గాని, బజ్జీ. ఇంకోరోజు కారం దోసెలు. కిలో బియ్యం ఎనిమిది మందికి చొప్పున వేస్తే పూటకు పిల్లలతో కలిపి రెండున్నర కిలోలు చాలు. గ్యాసు 19 కిలోల వాణిజ్య సిలిండరు ఒకటి.

రథసప్తమి సామాను వేరే సంచిలో పెట్టాలి: పిడకలు, కొత్త బియ్యం, బెల్లం, చిక్కుడుకాయలు, చిక్కుడు ఆకులు, జిల్లేడు ఆకులు. పిడకలూ ఆవుపాలూ ఇల్లు చూసే ఆయన ఇస్తానన్నాడు. జిల్లేడు ఆకుల విషయంలో మాత్రం ఒక జాగ్రత్త రాసుకున్నాను. తుంచిన చోట కారే పాలు కంట్లో పడితే ప్రమాదం. పిల్లలను తుంచనివ్వకుండా, ముందురోజే పెద్దవాళ్ళు కోసి, తొడిమలు కడిగి ఆరబెట్టి ఉంచాలి.

తోట ఇల్లు కాబట్టి పాముల మాట కూడా ఆలోచించాము. పెరటి బాత్రూముల దారిలో రాత్రంతా వెలిగే దీపాలు, చేతికొక టార్చిలైటు, చెప్పులు విదిలించి వేసుకోవడం. సప్తమినాటి చంద్రుడు అర్ధరాత్రి దాకానే ఉంటాడు. ఏదైనా జరిగితే కట్లు కట్టడం, కోయడం లాంటివేమీ చేయకుండా 108కి ఫోను చేసి, కదిలించకుండా పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవాలని గుంపులో అందరికీ రాశాను.

జనవరి 22

తొట్టి కడిగించారు, పట్టీ బిగించారు. ఫోటో వచ్చింది. నీళ్ళు నిండుతున్నాయి.

జనవరి 25, రాత్రి

నిన్న గండికోట అనుకున్నట్టే నడిచింది, బస్సు అరగంట ఆలస్యంగా రావడం తప్ప. అంచు దగ్గర పిల్లల చేతులు ఎవరూ వదలలేదు.

సంగటి కెలకడం చూడవలసిన పని. నూకలు మెత్తగా ఉడికిన తరువాత చిన్నమ్మ రాగిపిండిని నడుమ గోపురంగా పోసి, కట్టెతో మధ్యలో గుంత చేసి, మూత పెట్టి మంట తగ్గించింది. పిండి పచ్చివాసన పోయిందని ఆవిరి వాసనను బట్టే చెప్పి గిన్నె దించమన్నది. తమ్ముడూ మేనల్లుడూ గోనెపట్టాలతో గిన్నెను రెండు వైపులా అదిమి పట్టుకుంటే, ఆమె కట్టెను అంచు నుంచి లోపలికి ఒత్తుతూ తిప్పింది. అంతమందికి అంత గిన్నె ఆమె కూడా చాలా ఏళ్ళుగా కెలకలేదట. తడి చేత్తో ముద్దలు చేసి పళ్ళెంలో పెడుతుంటే పెట్టినవి పెట్టినట్టే పోయాయి. మూడు కిలోల పిండి తెచ్చాము, చాలలేదని చెప్పను గానీ మిగలలేదు.

ఈ ఉదయం అందరి స్నానాలూ ఎండ వాకిట్లోకి రాకముందే అయ్యాయి. అండాకు చీకటితోనే మంట పెట్టడం వల్లనే అది సాధ్యమైంది. తల మీదా భుజాల మీదా జిల్లేడు ఆకులు పెట్టుకుని చెంబు నీళ్ళు పోయించుకోవడం పిల్లలకు అన్నిటికంటే నచ్చింది. వాకిట్లో పిడకల మంట మీద పాలు పొంగించి, పరమాన్నం వండి, చిక్కుడు ఆకుల్లో సూర్యుడికి నివేదించారు. చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి రథం చేసే పని అవ్వ పడసాల అరుగు మీద కూర్చుని తానే చేసింది. మధ్యాహ్నం నుంచి ఎవరికీ ఏ కార్యక్రమమూ పెట్టలేదు. కొందరు నిద్రపోయారు, కొందరు చీట్లపేకలు తీశారు. ఆదివారం కూడా అందరినీ బస్సు ఎక్కించి ఉంటే ఇవేవీ ఉండేవి కావు. రెండో రోజు బస్సును తాడిపత్రికి పోదామన్న వాళ్ళ కోసం ఉంచాను. తొమ్మిది మంది బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, చింతల వెంకటరమణుడి గుడి చూసి దీపాలవేళకు తిరిగి వచ్చారు.

మధ్యాహ్నం బోరుకు వచ్చే త్రీ ఫేజు కరెంటు రెండు గంటలు పోయింది. తొట్టి ఉన్నందువల్ల ఎవరికీ తెలియలేదు.

జనవరి 31

లెక్క ముగిసింది. బాడుగ, బస్సు, పనివాళ్ళ కూలి అంచనా ప్రకారమే అయ్యాయి. తిండి సరుకులకు 21,340, పరుపులకు 3,200, గ్యాసూ కట్టెలూ నీళ్ళకు 2,750. మొత్తం ఖర్చు 92,290, చేతిలో మిగిలింది 1,210. పట్టీకీ పైపుకూ అయిన సొమ్ము బయటి నుంచి పెట్టిన చిన్నాయన దాన్ని వాపసు తీసుకోనంటున్నాడు, ఆ వాదన ఇంకా తెగలేదు.

వచ్చే ఏడాది ఏర్పాట్లు మేనల్లుడు చూస్తానన్నాడు. బాత్రూములు నాలుగు చాలవు, ఆరు ఉన్న ఇల్లు చూడమని చెప్పాను. పడకల పట్టిక, సరుకుల పట్టిక, యజమానితో రాసుకున్న కాగితం నకలు అతనికి పంపాను. అతను మొదటి ప్రశ్నగా తారీఖు అడగకుండా, అక్కడ బోరుకు త్రీ ఫేజా సింగిల్ ఫేజా అని అడిగాడు.